తప్పు ఎవరిదైనా, ప్రమాదం తర్వాత డ్రైవరు చేయవలసినవి

మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇది. నిన్న రాత్రి 9 గంటల ప్రాంతంలో మీరు మీ బావమరిది కారు నడుపుకుంటూ వస్తుండగా, పక్క సందులోంచి ఒక స్కూటరు ఒక్కసారిగా మెయిన్ రోడ్డు మీదికి వచ్చి కారుకు తగిలింది. స్కూటరు నడుపుతున్న వ్యక్తి కింద పడ్డాడు. అతని చెయ్యి విరిగిందని మీకు తర్వాత తెలిసింది. జనం పోగవడం చూసి, కొడతారన్న భయంతో మీరు అక్కడ ఆగకుండా ఇంటికి వచ్చేశారు. తప్పు అతనిదే అయినప్పుడు పోలీసుల దగ్గరకు వెళ్ళవలసిన అవసరం ఏముంది, వెళితే లేనిపోని కేసు మెడకు చుట్టుకోదా, బండి మీ పేరు మీద లేదు కాబట్టి బాధ్యత ఎవరిది అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఇరవై రెండేళ్ళుగా మోటారు ప్రమాదాల కేసులు వాదిస్తున్నాను. కొన్నిట్లో గాయపడినవారి తరఫున, కొన్నిట్లో డ్రైవర్ల, యజమానుల తరఫున. ఆ అనుభవంతో ముందుగా చెప్పేది ఒక్కటే: ఈ సమాధానం పూర్తిగా చదవడం కోసం ఆగకండి. ప్రమాదం గురించి పోలీసులకు తెలియజేయడానికి చట్టం ఇచ్చిన గరిష్ఠ గడువు 24 గంటలు, అది ఈ రాత్రి 9 గంటలకు ముగుస్తుంది. దగ్గరలోని స్టేషనుకు వెళ్ళండి. న్యాయవాది దొరికితే వెంట తీసుకువెళ్ళండి, దొరకకపోతే ఇంట్లోని పెద్దవారిని ఒకరిని తోడు తీసుకువెళ్ళండి. మిగతాది వచ్చాక చదువుకోవచ్చు.

మీ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది, అది మీ ఒక్కరిదే కాదు, నా దగ్గరకు వచ్చే డ్రైవర్లలో చాలామందిది. ప్రమాదానికి కారణం ఎవరన్నది ఒక ప్రశ్న. ప్రమాదం జరిగాక అక్కడున్న డ్రైవరు ఏం చేయాలన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు తేలడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. రెండోదానికి జవాబు చట్టంలో ముందే రాసి ఉంది, అది తప్పొప్పులతో నిమిత్తం లేకుండా ప్రమాదంలో చిక్కుకున్న ప్రతి వాహనం డ్రైవరుకూ వర్తిస్తుంది. స్కూటరు నడిపిన వ్యక్తి కళ్ళు మూసుకుని మీ కారు మీదికి వచ్చినా సరే, కింద పడ్డ మనిషికి వైద్యం అందేలా చూడడం, పోలీసులకు చెప్పడం, బీమా కంపెనీకి తెలియజేయడం మీ విధులే. తప్పు మీది కాదని రేపు కోర్టు తేల్చినా, ఈ విధులు నిర్వర్తించలేదన్న నేరం విడిగా నిలిచే ఉంటుంది.

ఆ విధులు మోటారు వాహనాల చట్టం, 1988లోని 134వ సెక్షన్‌లో ఉన్నాయి. ప్రమాదంలో ఎవరైనా గాయపడితే వారిని దగ్గరలోని వైద్యుడి దగ్గరకు లేదా ఆసుపత్రికి చేర్చేందుకు డ్రైవరు చేయగలిగిన ప్రయత్నమంతా చేయాలి. మీ భయానికి కూడా చట్టం అక్కడే చోటిచ్చింది. జనాగ్రహం వల్ల గానీ, తన చేతిలో లేని మరే కారణం వల్ల గానీ అది సాధ్యపడని పరిస్థితిని ఆ సెక్షనే మినహాయించింది. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవారు దాన్ని సగమే గుర్తు పెట్టుకుంటారు. మూక దాడి భయం మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకువెళ్ళే బాధ్యత నుంచి మాత్రమే తప్పిస్తుంది, పోలీసులకు చెప్పే బాధ్యత నుంచి కాదు. పైగా, గాయపడినవారికి ఎందుకు సాయం చేయలేకపోయారో ఆ కారణాన్ని కూడా స్టేషనులో చెప్పాలని అదే సెక్షన్ తర్వాతి ఖండం స్పష్టంగా అడుగుతుంది. అక్కడ పోలీసు అధికారి ఉంటే అడిగిన సమాచారం వెంటనే ఇవ్వాలి. లేకపోతే దగ్గరలోని స్టేషనుకు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల లోపల తెలియజేయాలి. కాబట్టి మీరు నిన్న రాత్రి అక్కడి నుంచి కదలడం సమర్థించుకోగలిగినదే కావచ్చు, కానీ నేరుగా స్టేషనుకు వెళ్ళి ఉంటేనే ఆ సమర్థన నిలబడుతుంది. ఇంటికి వెళ్ళి పడుకున్న ప్రతి గంటా దాన్ని బలహీనపరుస్తుంది. 108కి గానీ 112కి గానీ దారిలోంచి ఫోను చేసి ఉంటే ఆ కాల్ రికార్డు కూడా ఇప్పుడు మీకు అండగా ఉండేది. ఒకవేళ చేసి ఉంటే ఆ సమయం రాసి పెట్టుకోండి.

ఇందులో తేడా ఎంత ఉంటుందో నేను కళ్ళారా చూశాను. కొన్నేళ్ళ క్రితం ఒక లారీ డ్రైవరు కేసు వచ్చింది. రాత్రి వేళ ఒక ఊరి దగ్గర రోడ్డు దాటుతున్న మనిషి అతని లారీకి తగిలాడు. ఊరివాళ్ళు రాళ్ళు పట్టుకుని పరుగెత్తుకొస్తే అతను ఆపకుండా లారీని తోలుకుంటూ పోయి, పన్నెండు కిలోమీటర్ల అవతల తర్వాతి స్టేషను ముందు ఆపాడు. చదువు అంతంతమాత్రమే కాబట్టి అక్కడి కానిస్టేబులే అతను చెప్పింది ఒక కాగితం మీద రాసి, వేలిముద్ర వేయించుకుని, స్టేషను జనరల్ డైరీలో సమయంతో సహా నమోదు చేశాడు. విచారణలో ఆ డైరీ పేజీ తెప్పించినప్పుడు, ప్రమాదం జరిగిన సమయానికీ అందులోని నమోదుకూ మధ్య ఇరవై నిమిషాలే తేడా ఉంది. అతను పారిపోయాడన్న ఆరోపణ ఆ ఒక్క పేజీతో వీగిపోయింది. ఇంకా మరచిపోలేనిది, లారీ అద్దం మీద రాయి పడి సాలెగూడులా పగిలిన చోటు ఫొటో. దాన్ని అదే రాత్రి స్టేషనులో తీశారు కాబట్టి, జనం దాడి చేశారన్న మాటకు అది తిరుగులేని సాక్ష్యమైంది. మీ కారుకు కూడా అలాంటి గుర్తులేమైనా ఉంటే ఇప్పుడే ఫొటోలు తీయండి, కానీ దేన్నీ సరిచేయకండి.

ఈ ఆఖరి మాటను కొంచెం వివరిస్తాను. ప్రమాదంలో ఉన్న వాహనాన్ని రవాణా శాఖ మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు తనిఖీ చేస్తారు. బ్రేకులు, స్టీరింగు, టైర్లు పనిచేసే స్థితిలో ఉన్నాయా, సొట్ట ఎక్కడ ఎంత ఎత్తులో పడింది, అవతలి బండి రంగు ఎక్కడైనా అంటుకుందా అన్నవి ఆయన నివేదికలోకి ఎక్కుతాయి. స్కూటరు నిజంగా పక్క సందులోంచి వచ్చి మీ కారు ప్రక్కను కొట్టి ఉంటే, ఎడమ వైపు తలుపు మీద పడిన గీతే మీ మాటకు అన్నిటికన్నా నమ్మదగిన సాక్షి. సొట్ట బంపరు మధ్యలో ఉంటే కథ వేరు. రాత్రికి రాత్రి మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్ళి డెంటింగ్, పెయింటింగ్ చేయించినవారు తమకు పనికొచ్చే సాక్ష్యాన్నే చెరిపేసుకుంటారు, పైగా సాక్ష్యాలు మాయం చేశారన్న కొత్త నేరాన్ని నెత్తిన వేసుకుంటారు. కారు కడగనైనా కడగవద్దు. బండిని స్వాధీనం చేసుకుంటే నెలల తరబడి స్టేషను ఆవరణలో ఎండకు ఎండుతుందన్న భయం కూడా మీకు ఉండవచ్చు. 136వ సెక్షన్ ప్రకారం తనిఖీ లాంఛనాలు పూర్తయ్యాక వాహనాన్ని 24 గంటల లోపల తిరిగి ఇవ్వాలి. ఆచరణలో ఆలస్యమైతే మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేసి బండిని మధ్యంతరంగా విడిపించుకోవచ్చు.

స్టేషనులో ఏం చెప్పాలన్నది మీ రెండో భయం. తేదీ, సమయం, స్థలం, మీరు ఏ దిశ నుంచి ఏ దిశకు వెళ్తున్నారు, సుమారు ఎంత వేగంలో ఉన్నారు, స్కూటరు ఎటు నుంచి వచ్చింది, తగిలాక ఏం జరిగింది, ఎందుకు ఆగలేకపోయారు, ఎవరికైనా ఫోను చేశారా అన్నవి ఉన్నది ఉన్నట్టు రాసి ఇవ్వండి, ఒక నకలు మీద అందినట్టు సంతకం, ముద్ర తీసుకోండి. తప్పంతా నాదేనని గానీ, తప్పంతా అతనిదేనని గానీ రాయకండి. అవి రెండూ తీర్పులు. తీర్పు చెప్పడం మీ పని కాదు, జరిగింది చెప్పడమే మీ పని. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతం చేయరాదన్న రక్షణ రాజ్యాంగంలోని 20వ అధికరణంలో ఉంది. ప్రమాదం జరిగిందని తెలియజేయడానికీ ఆ రక్షణకూ పేచీ లేదు.

ఇక కేసు ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే తెలియని భయమే మనుషులను పరుగెత్తిస్తుంది. 2024 జులై 1 నుంచి పాత భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. బహిరంగ రహదారిపై మనుషుల ప్రాణానికి ప్రమాదం కలిగేంత దుడుకుగా, నిర్లక్ష్యంగా బండి నడపడం 281వ సెక్షన్ కింద నేరం, శిక్ష ఆరు నెలల వరకు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రగాయం. నిర్లక్ష్యంతో తీవ్రగాయం కలిగిస్తే 125వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మనిషి చనిపోతే వర్తించేది 106(1), శిక్ష ఐదేళ్ళ వరకు, జరిమానా అదనం. పాత 304ఎ సెక్షన్‌లో ఇది రెండేళ్ళే. ఏడేళ్ళ లోపు శిక్ష పడే ఇలాంటి కేసుల్లో పోలీసులు సాధారణంగా ముందు హాజరు కమ్మని నోటీసు ఇస్తారు, మీరు హాజరవుతూ సహకరిస్తే అరెస్టు అవసరం రాకపోవచ్చు. మద్యం తాగి ఉంటే మాత్రం లెక్క పూర్తిగా మారుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ కింద అదే ఒక నేరం. తాగి నడిపి ప్రాణాలు తీసిన కేసుల్లో కోర్టులు దాన్ని వట్టి నిర్లక్ష్యంగా చూడకుండా, హత్య కాని దండనీయ నరహత్యగా కూడా పరిగణించాయి.

వార్తల్లో మీరు విని ఉన్న పదేళ్ళ శిక్ష సంగతి కూడా ఇక్కడే చెప్పడం మంచిది. ప్రమాదంలో మనిషి చనిపోగా పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ళ వరకు జైలు అని 106(2) చెబుతుంది. 2024 జనవరిలో దేశమంతటా లారీ డ్రైవర్లు సమ్మెకు దిగింది దీని మీదే. న్యాయ సంహితను అమల్లోకి తెచ్చినప్పుడు ఈ ఒక్క ఉపసెక్షన్‌ను మినహాయించారు. అది అమల్లో లేదు కదా అని ఊరట పడేవారికి నేను చెప్పేదేమిటంటే, తెలియజేయకపోవడం 1988 చట్టంలోని 187వ సెక్షన్ కింద ఎప్పటి నుంచో నేరమే, దానికీ జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. డ్రైవరు పారిపోయాడన్న వాస్తవం ఏ కోర్టులోనైనా అతని మీద సానుభూతిని తగ్గిస్తుంది.

ఇప్పుడు తప్పు ఎవరిదన్న మీ అసలు ప్రశ్నకు వద్దాం. పక్క సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కే వాహనం, మెయిన్ రోడ్డు మీద వెళ్తున్న వాహనానికి దారి ఇవ్వాలన్నది రహదారి నియమం. కాబట్టి మీ వాదనలో బలం ఉంది. అయితే కూడలిని సమీపిస్తున్నప్పుడు వేగం తగ్గించాలన్నది మెయిన్ రోడ్డు మీద ఉన్నవారికీ వర్తించే నియమమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో వచ్చిందని మెదడుకు తట్టి, కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటి నుంచి ఒకటిన్నర సెకన్లు పడుతుంది; అంటే బ్రేకు పడకముందే 17 నుంచి 25 మీటర్లు గడిచిపోతాయి. తర్వాత పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. అదే 40 కిలోమీటర్ల వేగంలో ఈ మొత్తం దాదాపు సగానికి పడిపోతుంది. నిర్లక్ష్యం అంటే మనసులో చెడు ఉద్దేశం ఉండడం కాదు, కనిపించే దూరంలో ఆపలేని వేగంతో నడపడం కూడా నిర్లక్ష్యమే. రాత్రి వేళ, సందు మొగ కనిపించని చోట మీ వేగం ఎంతన్నది దర్యాప్తు అధికారి తప్పకుండా అడుగుతారు. రోడ్డు మీది బ్రేకు చారలు, పగిలిన అద్దం ముక్కలు పడిన చోటు, చుట్టుపక్కల దుకాణాల కెమెరాలు మీ జవాబుతో సరిపోతాయో లేదో చూస్తారు.

నిర్లక్ష్యం ఇద్దరిదీ ఉన్నప్పుడు రెండు కోర్టులు రెండు రకాలుగా చూస్తాయి, ఇది గందరగోళపడే విషయం కాబట్టి నిదానంగా చదవండి. క్రిమినల్ కోర్టులో ఎదుటివారి నిర్లక్ష్యం మీ నిర్లక్ష్యాన్ని చెరిపివేయదు. అక్కడి ప్రశ్న మీరు నిర్లక్ష్యంగా నడిపారా, గాయం దానివల్లే అయిందా అన్నంతవరకే, సందేహానికి తావులేకుండా రుజువు చేయవలసింది ప్రభుత్వం. నష్టపరిహారం తేల్చే మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో అంత గట్టి రుజువు అవసరం లేదు, ఏ వైపు మొగ్గు ఎక్కువగా ఉందో చూస్తే చాలు. అక్కడ గాయపడిన వ్యక్తి వంతు నిర్లక్ష్యం 30 శాతమని తేలితే అతనికి వచ్చే మొత్తంలో 30 శాతం తగ్గుతుంది, మిగతాది వస్తుంది. అందువల్లే క్రిమినల్ కేసు కొట్టేసినా పరిహారం ఇవ్వవలసి రావచ్చు. సుప్రీంకోర్టు 1980లోనే ఈ సంగతి స్పష్టం చేసింది. అతనికి లైసెన్సు లేదనో, స్కూటరు మీద ముగ్గురు ఎక్కారనో ఎత్తి చూపితే పరిహారం ఎగిరిపోతుందని కూడా అనుకోకండి. ఆ ఉల్లంఘన వల్లే ప్రమాదం జరిగిందని గానీ, గాయం పెద్దదైందని గానీ చూపించగలిగితేనే దానికి విలువ. లేకపోతే అది వేరుగా చలానా కట్టవలసిన తప్పు మాత్రమే.

బండి మీ పేరు మీద లేకపోవడం వల్ల మీ బాధ్యత తగ్గదు. నడిపినవారిగా మీరు, యజమానిగా మీ బావమరిది, బీమా చేసిన కంపెనీ, ముగ్గురినీ ట్రిబ్యునల్ ముందు ప్రతివాదులుగా చేరుస్తారు. యజమాని అంటే ఆర్‌సీలో, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రంలో, పేరున్న వ్యక్తి. బండి ఎప్పుడో అమ్మేసినా పేరు మార్పించకపోతే పరిహారం బాధ్యత పాత యజమాని మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. నడిపింది ఎవరో, వారి లైసెన్సు వివరాలేమిటో పోలీసులు అడిగితే చెప్పడం మోటారు వాహనాల చట్టంలోని 133వ సెక్షన్ కింద యజమాని విధి. మీకు లైసెన్సు లేదని తెలిసి కూడా మీ బావమరిది తాళాలు ఇచ్చి ఉంటే అది ఆయన మీద విడిగా ఒక నేరం. ఇదే తప్పు పదహారేళ్ళ పిల్లవాడికి బండి ఇచ్చిన తల్లిదండ్రులు చేస్తే 199ఎ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. ఇది నాకు బాధ కలిగించే విషయం. పరిహారం కేసుల్లో నేను చూసిన మైనర్లలో చాలామందికి బండి తాళాలు ఇంట్లోవాళ్ళే ఇచ్చారు.

ఒక విషయం మీరు అడగలేదు, అయినా చెప్పి తీరాలి, ఎందుకంటే రేపో ఎల్లుండో ఎవరో ఒకరు మీకు ఈ సలహా ఇస్తారు. నడిపింది మీరు కాదని, అనుభవమున్న మరో డ్రైవరని చెప్పించమంటారు. లైసెన్సు లేనివాళ్ళు, మద్యం తాగినవాళ్ళు, ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నవాళ్ళు ఇలా మనిషిని మారుస్తుంటారు. నేను బాధితుల తరఫున వాదించిన ఒక కేసులో, నడిపినవాడినని ఒప్పుకున్న జీతగాడి ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చున్నానని చెప్పిన యజమాని కొడుకుకు ఆ రాత్రి ఆసుపత్రిలో రాసిన గాయాల పత్రం తెప్పించి చూస్తే, కుడి భుజం నుంచి ఎడమ తుంటి వైపు ఏటవాలుగా కమిలిన చార ఉందని డాక్టరు రాశారు. మన కార్లలో డ్రైవరు సీటు కుడి వైపు, సీటు బెల్టు దిగేది కుడి భుజం మీదుగా. ఎడమ పక్క సీట్లో కూర్చున్నవారికి ఆ చార అలా పడదు. ఆ ఒక్క వాక్యంతో కట్టుకథంతా కూలిపోయింది. జీతగాడు అబద్ధపు సమాచారం ఇచ్చినందుకు, కొడుకు అసలు నేరానికి, తండ్రి ఇద్దర్నీ అందుకు పురికొల్పినందుకు చిక్కుల్లో పడ్డారు. బీమా కంపెనీ కూడా చేతులెత్తేయడానికి ప్రయత్నించింది. మీకు సక్రమమైన లైసెన్సు ఉంటే, మీరు తాగి లేకపోతే, నిజం చెప్పడం వల్ల మీకు కలిగే నష్టం అలాంటి అబద్ధం వల్ల కలిగే నష్టంతో పోలిస్తే చాలా చిన్నది.

బీమా సంగతి చూద్దాం. థర్డ్ పార్టీ బీమా లేకుండా బండిని రోడ్డు మీదికి తేవడమే 146వ సెక్షన్‌కు విరుద్ధం. ఆ పాలసీ ఉంటే ఎదుటివారి మరణానికీ గాయాలకూ వచ్చే పరిహారానికి గరిష్ఠ పరిమితి ఉండదు. ఎదుటివారి ఆస్తి నష్టానికి మాత్రం పాలసీలో ఒక హద్దు ఉంటుంది. 134వ సెక్షన్‌లోని మూడో ఖండం ప్రకారం పాలసీ నంబరు, అది చెల్లే కాలం, ప్రమాదం జరిగిన తేదీ, సమయం, స్థలం, గాయపడినవారి వివరాలు, నడిపినవారి పేరు, లైసెన్సు వివరాలు బీమా కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. మీ కారు మరమ్మతుకు మీరు డబ్బు అడగదలచుకోకపోయినా ఈ ఉత్తరం రాయాలి, ఎందుకంటే ఇది మీ క్లెయిము కోసం కాదు, గాయపడిన మనిషి కోసం. లైసెన్సు లేకపోవడం వంటి ఉల్లంఘన ఉంటే, చాలా కేసుల్లో కోర్టులు ముందు బాధితుడికి చెల్లించమని కంపెనీని ఆదేశించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఇచ్చాయి. వట్టి థర్డ్ పార్టీ పాలసీ మీ స్కూటరు వెనక సీట్లో కూర్చున్న మీ ఇంటివారికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది కాబట్టి, పాలసీ కాగితం తీసి అందులో ఏముందో ఒకసారి చదువుకోవడం మంచిది. లైసెన్సు, ఆర్‌సీ, బీమా కాగితాలు డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపించినా చెల్లుతాయి.

ఎఫ్‌ఐఆర్ నమోదయ్యాక దర్యాప్తు అధికారి మీకూ మీ బావమరిదికీ విడివిడిగా ఫారాలు ఇస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి, డ్రైవరు తన ఫారాన్ని 30 రోజుల్లో నింపి ఇవ్వాలి, 90 రోజుల్లో సమగ్ర ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. ఆ ఫారాన్ని నింపేటప్పుడు మీరు మొదటి రోజు స్టేషనులో రాసిచ్చిన కాగితం నకలు పక్కన పెట్టుకోండి, రెండిట్లోనూ ఒకే మాట ఉండాలి.

అక్కడికక్కడే కొంత డబ్బు ఇచ్చి కాగితం రాయించుకుంటే పోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. చిన్న సొట్టలకు అలా తేల్చుకోవడంలో తప్పు లేదు. మనిషికి గాయమైనప్పుడు మాత్రం ఆ కాగితం మీకు రక్షణ కాదు. విరిగిన చెయ్యి అతుక్కుంటుందో, పట్టు తగ్గుతుందో ఆ రోజు డాక్టరుకే తెలియదు. గాయం కేసులో పరిహారం అంటే ఆసుపత్రి బిల్లు మాత్రమే కాదు. మంచం మీద ఉన్నన్నాళ్ళు పోయిన సంపాదన, పడిన బాధ, మిగిలిపోయిన వైకల్యం వల్ల ముందు ముందు తగ్గే సంపాదన కూడా కలుస్తాయి. చేతికి 20 శాతం వైకల్యమని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చినా, కూర్చుని లెక్కలు రాసే మనిషికీ ఉలి పట్టి పనిచేసే వడ్రంగికీ దాని బరువు ఒకటి కాదని, సంపాదన ఎంత దెబ్బతిందో అతని పనిని బట్టి లెక్కించాలని సుప్రీంకోర్టు 2011లో వివరంగా చెప్పింది. అయిదారు వేలు చేతిలో పెట్టి చేయించిన సంతకం ఈ లెక్క ముందు నిలబడదు. మీరు ఎంత మంచి మనసుతో ఇచ్చినా, సాక్షిని కొనబోయారన్న మాట వచ్చే ప్రమాదం కూడా ఉంది.

అయితే అతని వైద్యానికి సాయపడడం వేరు, దాన్ని మానుకోవద్దు. రోడ్డు ప్రమాద బాధితులకు ముందు వైద్యం చేసి, ఆ తర్వాతే లాంఛనాలు చూసుకోవాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 134వ సెక్షన్ కూడా డాక్టరు మీద అదే విధి పెట్టింది. 2025లో ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా చికిత్సకు బాధితుడు చెల్లించనక్కర్లేదు. ఇది వర్తించాలంటే ప్రమాదం పోలీసు రికార్డులోకి ఎక్కాలి. అంటే మీరు స్టేషనుకు వెళ్ళకుండా దాచే ప్రతి గంటా అతని మంచం దగ్గర కూర్చున్న ఇంటివాళ్ళు అప్పు కోసం తిరిగే గంట కూడా. బండి ఏదో తెలియని కేసుగా మిగిలిపోతే ప్రభుత్వం నుంచి తీవ్రగాయానికి వచ్చేది 50,000 రూపాయలు, మరణానికి 2,00,000 రూపాయలు మాత్రమే. బండి తెలిసి, బీమా ఉంటే అతనికి న్యాయంగా రావలసింది అంతకు ఎన్నో రెట్లు కావచ్చు, అది ఇవ్వవలసింది మీ జేబులోంచి కాదు, మీ బావమరిది ఏటా ప్రీమియం కడుతున్న కంపెనీ నుంచి.

స్టేషను పని ముగిశాక ఆసుపత్రికి వెళ్ళి అతన్ని చూడదలిస్తే, ఉద్రేకం తగ్గాక, పెద్దమనిషి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళండి. సంతకాల కోసం కాగితాలు తీసుకువెళ్ళకండి, తప్పు ఎవరిదన్న చర్చ అక్కడ ఎత్తకండి. కారు నంబరు, పాలసీ నంబరు, బీమా కంపెనీ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు ఒక చీటీ మీద రాసి అతని ఇంటివాళ్ళ చేతికి ఇవ్వండి. పరిహారం దరఖాస్తును ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల వేయాలని 166వ సెక్షన్ చెబుతోంది. ఆ నాలుగు వివరాల కోసం చాలా కుటుంబాలు నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగడం నేను చూశాను.